పొద్దుటి గోళీ

తవిటమ్మకు మూడు కడుపులు పోయాయి. మూడూ మూడో నెల నిండకుండానే పోయాయి. నాలుగోసారి నెల తప్పింది సునామీకి అయిదేళ్ల ముందు, పోర్ట్ బ్లెయిర్‌కు ఎదుటి గట్టు హోప్ టౌన్‌లో, సముద్రం ఒడ్డున ఉన్న రేకుల ఇంట్లో. ఆ సంగతి మొగుడు పోలిరాజుకు తప్ప పురుగుకు కూడా తెలియనివ్వలేదు. మొదటి మూడుసార్లూ చెప్పి చూసింది. చెప్పిన మర్నాటికల్లా జెట్టీ దగ్గర చేపలమ్మే ఆడవాళ్లందరికీ తెలిసిపోయేది. ఒకరు చింతకాయ తొక్కు తెచ్చేవారు, ఒకరు పొట్టవైపు చూసి ఆడో మగో తేల్చేసేవారు. నెల తిరక్కుండా ఆ ముఖాలే పరామర్శకు వచ్చి గుమ్మంలో కూర్చునేవి. దిష్టి కొట్టిందన్నారు. అది నిజమో కాదో గాని, ఆ పరామర్శల్ని నాలుగోసారి పడే ఓపిక ఆమెకు లేదు.

"అయిదో నెల దాకా ఎవలికీ సెప్పకు. మాయమ్మకి అసలే సెప్పకు," అన్నాడు పోలిరాజు. అని, వారం తిరక్కుండా పై దీవిలోని రంగత్ వైపు ఒక సేటు బోటు మీద పనికి పోయాడు. రెండు నెలలకు గాని రాడు. పోలిరాజు చెడ్డవాడేం కాదు. రహస్యాన్ని పెళ్లాం నెత్తిన పెట్టి తను హాయిగా వల లాక్కునే రకం, అంతే.

తవిటమ్మ అత్తగారికి పంటినొప్పి అని చెప్పి, ఒక్కతే బాంబూఫ్లాట్ దాకా నడిచి, అక్కడ బోటెక్కి చాథమ్‌లో దిగి, పోర్ట్ బ్లెయిర్‌లో ఒక లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లింది. ఆ డాక్టరమ్మ అన్నీ చూసి, బిడ్డను కడుపులో నిలబెట్టే హార్మోను ఒంట్లో చాలడం లేదనీ, దాన్నే గోళీల్లో ఇస్తున్నాననీ చెప్పింది. పొద్దున్న తిన్నాక ఒకటి, రాత్రి పడుకునే ముందు ఒకటి. మూడో నెల నిండేదాకా ఒక్క పూట కూడా మానకూడదు.

"చక్కర్ ఆయేగా," అంది డాక్టరమ్మ. "నీంద్ ఆయేగీ. రోనా భీ ఆయేగా. డర్నా నహీ. గోలీ ఖాకే లేట్ జానా." తల తిరుగుతుంది, నిద్ర ముంచుకొస్తుంది, ఉత్తి పుణ్యానికి ఏడుపూ వస్తుంది, భయపడకు, గోళీ వేసుకుని పడుకో అని. చివరి మాట తప్ప తక్కినవన్నీ తవిటమ్మ వల్ల అయ్యేవే. పట్టపగలు కోడలు నడుం వాల్చిందంటే ముసలమ్మ ఊరుకుంటుందా? పగలు పడుకునే ఆడది ఉన్న ఇంటికి చేప రాదని ఆవిడ నమ్మకం. జబ్బు చేసినా కూర్చునైనా పని చెయ్యాలి.

ఆ ముసలమ్మ సంగతి కొంచెం చెప్పాలి. ఆవిడ యాభైల్లో మొగుడితోనూ, మరో పదిహేను కుటుంబాలతోనూ విశాఖపట్నంలో ఓడెక్కి ఈ దీవికి వచ్చింది. సర్కారు వాళ్లకి చోటిచ్చింది, చేపలు పట్టుకు బతకమంది. వస్తూ వస్తూ వాళ్లు తమ ఊరి గంగమ్మ గుడి దగ్గర నుంచి ఒక రాయి తెచ్చుకున్నారు. ఒడ్డున బాదం చెట్టు కింద నిలబెట్టి పసుపు పూశారు. అన్నీ చేశారు గాని అమ్మ మాత్రం రాలేదు. అంటే, ఎవరి ఒంటి మీదకూ రాలేదు. అక్కడ ఊళ్లో అయితే ఏటా సంబరంలో, అంటే జాతరలో, గణాచారి మీదకు వచ్చి, ఏ వైపు వేటకెళ్లాలో, ఎవరు తప్పు చేశారో, ఎవరు తిరిగొస్తారో ఆమె నోట చెప్పేది. ఇక్కడ నలభై నాలుగేళ్లలో ఒక్కసారి పలికితే ఒట్టు. డప్పులు కొట్టారు, సాంబ్రాణి పొగలో ఉక్కిరిబిక్కిరయ్యారు, మేకల్ని కోశారు. ఒక్కరూ ఊగలేదు. "రాయొచ్చినాది గాని అమ్మ రానేదు. ఇంత నీరు ఎలాగ దాటతాది," అని ముసలమ్మ ఏటా సంబరం మర్నాడు కళ్లు తుడుచుకునేది. మొగుడు పోయినప్పుడు కూడా ఆవిడ అంత ఏడవలేదని గిట్టనివాళ్లు అంటారు.

అలాంటి చోట తవిటమ్మ పొద్దున్నే గంజి తాగి, చాటుగా గోళీ మింగి, పనిలో పడేది. గంటకల్లా కాళ్ల కింద నేల ఒక పక్కకు ఒరిగేది. చేపలు ఎండబెట్టే తట్టీల దగ్గర కూర్చుని, తట్టీ అంచు పట్టుకుని, రెప్పలు వాలిపోతుంటే బలవంతాన ఎత్తి పెట్టేది. రొమ్ములు సలిపేవి. పొట్టలో బిడ్డ ఇంకా పెరగకపోయినా ఉబ్బి చీర కుచ్చిళ్ల దగ్గర బిగిసేది. అన్నిటికన్నా ఏడుపుది వేరే దారి. దేనికీ కాదు. పక్కింటి కోడి అరిచినా వచ్చేది. కన్నతల్లి కళింగపట్నం దగ్గర ఉంది, తను ఇక్కడికి వచ్చిన ఎనిమిదేళ్లలో ఆమెను రెండుసార్లు చూసింది. పక్కన తల్లి ఉంటే ఆమె ఒళ్లో తల పెట్టి గోళీ మత్తు దిగేదాకా పడుకునేది. ఆ ఆలోచన వస్తే ఇంకాస్త ఏడుపు. ఇదంతా ఇంకొకరితో చెప్పుకుంటే సగం తగ్గేదని ఆమెకు తెలుసు. చెప్పుకోడానికి లేదు.

చెప్పుకుంటే కామమ్మకే చెప్పుకోవాలి. పక్కిల్లు, ఆమెకన్నా పదేళ్లు పెద్ద, తవిటమ్మ 'అప్పా' అని పిలుచుకునే అక్క. సాయంత్రమైతే తవిటమ్మను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వేది, పేలు లేకపోయినా వెతికేది. కానీ ఆ రోజుల్లో కామమ్మ తన దుఃఖంలో తనుంది. ఆమె మొగుడు లక్ష్ముడు ఇంజన్ డింగీ మీద వేటకెళ్లి పన్నెండు రోజులైంది, తిరిగి రాలేదు. కోస్ట్ గార్డు వాళ్లు రెండు రోజులు తిరిగి చూశారు. ఇంజన్ ఆగిపోతే నీటివాలుకు బర్మా దాకా పోతారు, అక్కడి జైల్లో ఉండి మూడేళ్లకు తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. అలా అయి ఉంటుందని కొందరు. వేరేగా అనుకున్నవాళ్లు కామమ్మ ఎదుట నోరెత్తలేదు.

ఆ శుక్రవారం పొద్దున్న ఆడవాళ్లంతా కలిసి లక్ష్ముడి కోసం గంగమ్మ రాతికి పసుపునీళ్లు పోయడానికి వెళ్లారు. రానంటే బాగుండదు గనక తవిటమ్మ కూడా వెళ్లింది, అప్పటికి గోళీ మింగి గంట కావస్తోంది. ఎండ, సాంబ్రాణి, గవరయ్య కొట్టే డప్పు. గవరయ్య ఆ ఒడ్డున ఉన్న తెలుగువాళ్లకు పెద్ద, మూడు డింగీల ఆసామి. అతను డప్పు తీసుకుంటే చెయ్యి నొప్పి పుట్టేదాకా వదలడు. తవిటమ్మ చెట్టు మానుకు ఆనుకుందామని చెయ్యి చాపింది. మాను అక్కడ లేదు. అటు తూలింది, ఇటు తూలింది, మోకాళ్ల మీద పడి, కళ్లు సగం మూతపడి, బుగ్గల మీద కన్నీళ్లు ధారగా కారుతుంటే అలాగే ఊగుతూ ఉండిపోయింది.

డప్పు ఆగింది. ముసలమ్మ చేతిలోని చెంబు కిందపడింది. ఆవిడ కోడలి ముందు సాష్టాంగపడి, "ఒచ్చినావా తల్లీ," అంది. ఆ గొంతు తవిటమ్మ ఎప్పుడూ వినలేదు.

"నాను కాదత్తా," అందామనే అనుకుంది. నాలుక మందమైపోయి మాట ముద్దగా వచ్చింది. ఈలోగా కామమ్మ వచ్చి రెండు పాదాలూ పట్టేసుకుంది.

"అమ్మా, నా మనిసి ఒస్తాడా?"

"ఒస్తాడప్పా," అంది తవిటమ్మ. అడిగింది కామమ్మ కదా. పన్నెండు రోజులుగా ఆమె అడిగినప్పుడల్లా, కంచం ముందు కూర్చోబెట్టి ముద్ద తినిపిస్తూ, అందరూ అంటున్న మాటే అది. "ఒస్తాడు. నన్నొగ్గీండి, పడుకుంతాను."

ఇంకేం కావాలి. కామమ్మ ఆ పూట పన్నెండు రోజుల తర్వాత కడుపునిండా అన్నం తింది. ముసలమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. "మెయిన్‌ల్యాండ్ నుంచి మా కోడలితోపాటు ఓడెక్కి ఒచ్చినాది తల్లి. ఎనిమిదేళ్లు మా ఇంట్లోనే కూకున్నాది, నాకే కళ్లు నేవు," అని. ఆ లెక్కన ఎనిమిదేళ్లుగా గంగమ్మ చేతనే అంట్లు తోమించానని ఆవిడకు తట్టలేదు.

మర్నాటి నుంచి జనం పొద్దున్నే రావడం మొదలుపెట్టారు. గంజి తాగిన గంటకు అమ్మ వస్తుందని రెండు మూడు రోజుల్లోనే కనిపెట్టేశారు. గంగమ్మకు అంత టైము పట్టింపు ఉందని అంతవరకు ఎవరికీ తెలియదు. గోడకు ఆనుకుని కూర్చున్న తవిటమ్మ ముందు వల ఎటు వెయ్యాలని అడిగారు, దొంగిలించింది ఎవరని అడిగారు. ఆమె "తెల్దు" అన్నా, "నన్నొగ్గీండి" అన్నా, దానికి వాళ్లే ఒక అర్థం చెప్పుకుని దణ్ణం పెట్టి వెళ్లిపోయేవారు. కామమ్మ మాత్రం రోజూ ఒక్కటే అడిగేది. ఆ ఒక్క ప్రశ్నకు తవిటమ్మ నోట "తెల్దు" వచ్చేది కాదు. ఎలా వస్తుంది?

పడుకోవడానికి చోటు దొరికింది, అది నిజం. ముసలమ్మ ఇప్పుడు కోడలి చేత పుల్ల కూడా విరిపించడం లేదు. కానీ ఇంటిలో ఆమెకో పీట వేరే అయింది, ఆకు వేరే అయింది. ఇదివరకు ఇద్దరూ ఒకే కూరగిన్నె ముందు కూర్చుని తినేవారు, చేపతల నాదంటే నాదని అత్తాకోడళ్లు వాదులాడుకునేవారు. ఇప్పుడు నీచు తగలకూడదని అమ్మకు ఉత్త పప్పన్నం. "ఒలే తవిటీ" అన్న పిలుపు పోయింది. కామమ్మ తల దువ్వడం మానేసింది. సాయంత్రం తవిటమ్మ వెళ్లి ఆమె గుమ్మంలో కూర్చుని, "అప్పా, కూసింత సిక్కు తీయవా," అని అడిగితే కామమ్మ లేచి నిలబడి చేతులు జోడించింది. తవిటమ్మ అలాగే వెనక్కి వచ్చేసింది. మూడు కడుపులు పోయినప్పుడు కూడా ఇంత ఒంటరితనం లేదు. అప్పుడు పరామర్శకైనా మనుషులు పక్కన కూర్చున్నారు.

వారానికి గవరయ్య వచ్చి, వాకిట్లోనే నిలబడి సంబరం కబురు చెప్పాడు. నలభై నాలుగేళ్లకు అమ్మ వచ్చింది కాబట్టి ఈసారి ఘటం అమ్మే ఎత్తాలి. ముందురోజంతా కటిక ఉపవాసం. తెల్లారి సముద్రంలో మూడు మునకలు, తడిబట్టలతో నిండు కుండ నెత్తిన పెట్టుకుని ఒడ్డు నుంచి గుట్ట మీది ఇళ్లన్నీ తిరిగి రాతి దగ్గరికి రావాలి. డప్పు ఆగేదాకా ఆడాలి. ఇంకా తొమ్మిది రోజులు ఉంది.

తవిటమ్మ నిండు కుండ బరువు లెక్కేసుకుంది. మొదటి కడుపు పోయింది మంచినీళ్ల బిందె మోసిన రోజునే. ఇప్పుడిప్పుడే పదో వారం.

మర్నాడు ఆమె ఎస్టీడీ బూత్‌కు వెళ్లి, పోలిరాజుకు కబుర్లు అందించే రంగత్ కొట్టుకు ఫోన్ చేసింది. అదృష్టం, అతను ఒడ్డునే ఉన్నాడు. వెనక ఇద్దరు ముగ్గురు తమ వంతు కోసం నిలబడి, అమ్మ ఫోన్లో ఏం పలుకుతుందో అని చెవులు రిక్కించారు. తవిటమ్మ గొంతు తగ్గించింది. "అది అమ్మ కాదు. ఆ దవాయి వల్ల. డాక్టరమ్మ సెప్పినాది, చక్కరొస్తాదని. నువ్వు రా. ఒచ్చి మీయమ్మకి సెప్పు."

అవతల నుంచి పోలిరాజు మెల్లగా అన్నాడు. "గోళీకి చక్కర్ ఒస్తాది, నిజమే. అమ్మా ఒచ్చుంటాది. రెండూ ఉండకూడదని ఏటుంది?"

"కుండెత్తమంతన్నారు నన్ను."

"అమ్మ పని సేస్తే అమ్మ సూసుకోదా? మాయమ్మ ఇన్నేళ్లూ ఎంత ఏడ్సినాదో నీకు తెల్దు. ఇప్పుడు కాదంటే సచ్చిపోతాది." ఇంకా ఏదో చెప్పబోతుంటే లైను తెగిపోయింది. వెనకున్నవాళ్లు పక్కకు తప్పుకుని ఆమెకు దారి ఇచ్చారు, ఒక పెద్దాయన చెప్పులు విడిచాడు.

ఇక మిగిలిన ఉపాయం ఒక్కటే అనిపించింది. గోళీ మానేస్తే ఊగడం ఆగిపోతుంది, ఊగడం ఆగితే కుండ ఎత్తమనరు. అంత తెలివితక్కువ పని ఎలా చేసిందని మనం ఇక్కడ కూర్చుని అనొచ్చు. అడగడానికి పక్కన మనిషి లేనప్పుడు ఎవరికైనా అలాంటి తెలివే పుడుతుంది. పొద్దుటిదీ రాత్రిదీ రెండూ మానేసింది.

తల తేటపడింది. నేల నిమ్మళంగా నిలబడింది. జనం వచ్చి, కూర్చుని, చూసి, వెళ్లారు. రెండో రోజు ముసలమ్మ తలకు నూనె పెట్టుకోకుండా రాతి దగ్గర కూర్చుండిపోయింది, ఏం తప్పు చేశామో చెప్పమని. కామమ్మ మళ్లీ అన్నం మానేసింది. మూడో రోజు పొద్దున్న పెరట్లోకి వెళ్లిన తవిటమ్మ లంగా మీద ఎర్రటి చుక్క చూసుకుంది. ఒక్కటే చుక్క. ఆమె పెరటి తడిక పట్టుకుని ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. దేవుళ్లను పిలవలేదు. ఇంట్లోకి పరుగున వెళ్లి గోళీ మింగి, మళ్లీ పంటినొప్పి అని కేకేసి బోటెక్కింది.

డాక్టరమ్మ బాగా తిట్టింది. ఎందుకు మానావని అడిగితే ఏం చెబుతుంది? గంగమ్మ సంగతి హిందీలో చెప్పేంత భాష ఆమెకు లేదు. స్కానింగ్‌లో చిన్న మచ్చలాంటిది చూపించి, అందులో కొట్టుకుంటున్నది గుండె అని చెప్పింది డాక్టరమ్మ. "బచ్చా ఠీక్ హై. అబ్ మత్ ఛోడ్నా. భారీ చీజ్ బిల్కుల్ మత్ ఉఠానా." బిడ్డ బాగానే ఉంది, ఇక గోళీ మానకు, బరువు అసలే ఎత్తకు అని. తవిటమ్మ ఆ మచ్చకేసి కళ్లార్పకుండా చూసింది. పాత మూడింటికీ ఇంతదాకా చూసుకునే యోగం కలగలేదు. తిరిగి వస్తూ బోటు రెయిలింగ్ పట్టుకుని ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఈ బిడ్డను ఇవ్వను. గంగమ్మకైనా సరే.

ఆ తర్వాత మళ్లీ మరక కనపడలేదు. మర్నాటి నుంచి మళ్లీ ఊగింది. ముసలమ్మ ఆనందానికి హద్దు లేదు. రోజులు దగ్గరపడ్డాయి. చెబుదామని రోజూ నోరు తెరిచేది. ఎదురుగా కామమ్మ ముఖం కనపడేది. ఈ ఒడ్డున ఆ మనిషికి అన్నం తినిపిస్తున్నది తన నోటి మాటొక్కటే. అది తీసేస్తే ఆమె ఏమవుతుంది? తనను కడుపులో పెట్టుకున్న మనిషిని తన కడుపు కోసం ముంచాలి. ఈ లెక్క ఎటునుంచి చూసినా తేలక తవిటమ్మ సంబరం పొద్దు దాకా నోరు కుట్టేసుకుంది.

ఉపవాసం రోజు పెరట్లో చాటుగా గంజి తాగింది, గోళీ మింగింది. సంబరం నాడూ అంతే. ఒడ్డున జనం నిండిపోయారు. అవతలి ఒడ్డు డిగ్నాబాద్ నుంచి కూడా తెలుగువాళ్లు బోటెక్కి వచ్చారు. గవరయ్య వేపాకులు కట్టిన కుండ నిండా నీళ్లు పోసి, రెండు చేతులతో ఎత్తి ఆమె తల దాకా తెచ్చాడు. తవిటమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"నాను ఎత్తను మావా."

డప్పు మోతలో ఎవరికీ వినపడలేదు. ఆమె చెయ్యెత్తి డప్పు ఆపమంది. అమ్మ ఆజ్ఞ అనుకుని వెంటనే ఆపారు.

"నా మీదకి అమ్మ రానేదు. నాను కడుపుతో ఉన్నాను. అది నిలబడాలని డాక్టరమ్మ గోళీలిచ్చినాది. అవి మింగితే తల తిరుగుతాది, మత్తొస్తాది, ఏడుపొస్తాది. మీరు సూసింది అదే. నాను ముందే సెప్పాల. భయమేసి సెప్పనేదు. నన్ను తిట్టండి, కొట్టండి. కుండ మాత్రం ఎత్తను." ఆపకుండా ఒకే ఊపులో అనేసింది. అని, అక్కడే ఇసకలో కూర్చుంది.

ముసలమ్మ ముందుకొచ్చి కోడలి ఎదుట నిలబడింది.

"ఎన్నో నెల?"

"మూడోది నడుస్తన్నాది."

"నా ఇంట్లో ఉండి నాకు సెప్పనేదు." అంతే అంది ఆవిడ. కోపంగా కూడా కాదు. తర్వాత ముఖం తిప్పుకుని సముద్రంకేసి చాలాసేపు చూసింది. "అయితే రానట్టేనన్న మాట," అంది తనలో తాను. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది తవిటమ్మకు. గవరయ్య నిండుకుండ కింద పెట్టకూడదని తనే నెత్తికెత్తుకుని రాతి వైపు నడిచాడు. ముసలి మోకాళ్లు వణుకుతుంటే నీళ్లు భుజాల మీద ఒలికాయి. జనం ఒకరొకరుగా అతని వెనక వెళ్లారు.

కామమ్మ వెళ్లలేదు. దగ్గరికి వచ్చి వంగింది. "మరి నాకు సెప్పిన మాట?"

"అది నా మాటే అప్పా. నాను నీకు రోజూ సెప్పేదే." తవిటమ్మ ఆమె కొంగు పట్టుకుంది. "నాకేటి తెలుసు? నువ్వు తినాలని సెప్పినాను."

కామమ్మ తల ఊపింది. కొంగు భుజం మీదకు లాక్కుని, రాతి వైపు కాక, ఇంటి వైపు వెళ్లిపోయింది.

తర్వాత ఇల్లు ఎలా ఉందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వాకిట్లోకి ఎవరూ రాలేదు. జెట్టీలో ఆడవాళ్లు తవిటమ్మను చూసి మాటలు ఆపేవారు. అమ్మ పేరు చెప్పి ఊరిని ఆడించిందని ఒకరన్నారు, అమ్మను రాకుండా చేసిందే ఇదని మరొకరన్నారు. ముసలమ్మ మాట్లాడ్డం మానేసింది. మంచినీళ్లు మాత్రం తనే తెచ్చేది, చేపతల తీసి కోడలి కంచంలో పెట్టేది, పెట్టి పెరట్లోకి వెళ్లి విడిగా తినేది. తిట్టినా బాగుండేదని తవిటమ్మకు అనిపించేది. గోళీ మింగి, పగలే, అందరికీ తెలిసేలా, గదిలో చాప మీద పడుకునేది. ఇప్పుడు కాదనేవాళ్లు లేరు. మత్తులో ఏడుపు వచ్చినప్పుడు అది గోళీదో తనదో తేల్చుకోవడం మానేసింది.

సంబరమైన ఆరో రోజు పొద్దున్న ఆమె గంజి తాగుతుంటే గుమ్మంలో నీడ పడింది. కామమ్మ. బాగా చిక్కిపోయింది. లక్ష్ముడు వెళ్లి నెల దాటింది. బొట్టు ఉంది, గాజులు ఉన్నాయి. కామమ్మ లోపలికి వచ్చి చేతులు జోడించలేదు, నిలబడనూ లేదు. వచ్చి చాప మీద తవిటమ్మ పక్కన కూర్చుంది.

"గోళీ ఏసుకున్నావా?"

"నేదప్పా. ఏసుకోవాల."

"ఏసుకో."

తవిటమ్మ వేసుకుంది. కామమ్మ నీళ్ల గ్లాసు అందించి, ఆమె మింగేదాకా చూసి, గ్లాసు పక్కన పెట్టింది. గంటసేపు అలాగే కూర్చున్నారు. బయట ఎండ ఎక్కింది. తవిటమ్మకు రెప్పలు బరువెక్కాయి, గోడ ఒక పక్కకు ఒరిగింది. కామమ్మ ఆమెను పట్టుకుని తల తన ఒళ్లోకి తీసుకుంది.

"ఒచ్చినాదా చక్కర్?"

"ఒచ్చినాది."

"అయితే సూసి సెప్పు. ఒస్తాడా?"

తవిటమ్మకు నిద్రంతా ఎగిరిపోయింది. కళ్లు తెరిచి పైకి చూసింది. "అప్పా, నీకు సెప్పినాను కదా. ఇది మందు. అమ్మ కాదు."

"తెలుసు. మందే. అయినా సూడు." కామమ్మ గొంతు మామూలుగానే ఉంది. వేళ్లు మాత్రం తవిటమ్మ జుట్టులోకి వెళ్లి చిక్కు వెతుకుతున్నాయి. "అడగడానికి నాకింకెవలున్నారే?"

తవిటమ్మ చూసింది. ఆ పిచ్చిమనిషి కోసం నిజంగానే చూసింది. ఉన్న మత్తునంతా కూడదీసుకుని, తిరుగుతున్న తలను ఆపకుండా, రెప్పల వెనక చీకట్లో ఒక డింగీ కోసం, ఒక మనిషి కోసం వెతికింది. ఒస్తాడు అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్కసారి అనేస్తే ఈ పూటకు ఇద్దరికీ బాగుంటుంది. ఆమె పళ్లు బిగించి ఆ మాటను మింగేసింది.

"ఏటీ అవుపడ్డం నేదప్పా," అంది ఏడుస్తూ.

కామమ్మ కొంగుతో ఆమె బుగ్గలు తుడిచింది.

"పర్లేదు," అంది. "ఇంకో గంట సూద్దారి."